బొట్టు పెట్టిన టర్బో

ఆ రోజుల్లో నాకున్న ధైర్యం ఇప్పుడు లేదు. దేని గురించైనా సగం తెలిసినప్పుడే మనిషికి ధైర్యం ఎక్కువగా ఉంటుందనే సంగతి, మిగతా సగం తెలిశాక గానీ అర్థం కాదు. అప్పటికి కార్ల గురించి నాకు తెలిసిందంతా ఫోన్లో చూసిందే. కళ్యాణదుర్గంలో ఒక ఆఫీసులో కాంట్రాక్టు మీద కంప్యూటర్ ఆపరేటరుగా చేరి రెండేళ్ళయింది. పొద్దుగూకులూ రైతుల పేర్లు, సర్వే నంబర్లు కొట్టడం, మధ్యాహ్నం క్యారియరు విప్పుకుని ఒక చేత్తో అన్నం తింటూ ఇంకో చేత్తో కార్ల వీడియోలు చూడడం. ఇదీ నా బతుకు. (ముద్ద నోట్లో పెట్టుకోవడం మరిచిపోతే పప్పు కీబోర్డు మీద పడేది. ఆఫీసులో చీమలెక్కువయ్యాయని పెద్దసారు విసుక్కుంటే అందరికంటే ముందు "అవున్సార్, శానా ఎక్కువైనాయి" అన్నది నేనే.)

నా పిచ్చికి ఒక మంచి కారణం కూడా దొరికింది. మా అమ్మకు బస్సు పడదు. పడదంటే కాస్త తల తిరగడం కాదు, కండక్టరు టికెట్టు చించేలోపే వాంతి మొదలయ్యేది. నిమ్మకాయ వాసన చూడడం, అల్లం ముక్క నమలడం, బొడ్డు మీద చింతాకు కట్టుకోవడం, అన్నీ అయ్యాయి. షేరాటోలో డ్రైవరు పక్కన కూర్చోబెడితే మాత్రం ఏమీ కాదు. ఎదురుగా రోడ్డు కనబడాలి, మొహానికి గాలి కొట్టాలి, అంతే. కానీ షేరాటోలు చిలమత్తూరు దాకా పోవు కదా. మా పెద్దమ్మ, అమ్మకు ఒక్కగానొక్క అక్క, ఉండేది అక్కడ. బస్సులు మారి మారి పోవాలి. ఆఖరుసారి వెళ్ళినప్పుడు అమ్మ రెండు రోజులు మంచం మీంచి లేవలేదు, మూడో రోజు తిరుగు ప్రయాణం. అక్కాచెల్లెళ్ళిద్దరూ నాలుగు మాటలు కూడా కడుపునిండా మాట్లాడుకోలేదు. ఆ తర్వాత ఎనిమిదేళ్ళు ఫోన్లోనే గడిచిపోయాయి.

అలాంటిది పెద్దమ్మ సొంతిల్లు కట్టుకుంది. గృహప్రవేశం శుక్రవారం పెట్టుకున్నారు. "నువ్వు లేకుండా నేను పాలు పొంగిస్తానా పాపా?" అని ఫోన్లో ఏడ్చింది. అమ్మ "వస్తాలే అక్కా" అని ఫోను పెట్టేసి, వంటింట్లోకి పోయి, ఎంతసేపటికీ బయటికి రాలేదు. నేను వంటింటి గడప దగ్గర నిలబడి గట్టిగా ప్రకటించేశాను. "మా, నిన్ను ముందు సీట్లో కూచోబెట్టుకోని నేను పిల్చకపోతా. కారు కొంటాండాం." అప్పటికి శుక్రవారం పన్నెండు రోజుల దూరంలో ఉంది. నాకు లైసెన్సు వచ్చి మూడు వారాలు. అమ్మ కళ్ళు తుడుచుకుని "నిజమేనా రా?" అంది. ఆ ఒక్క మాటతో నా ఎత్తు రెండంగుళాలు పెరిగింది. సాయంత్రానికల్లా వీధి వీధంతా చెప్పేశాను. ఇక వెనక్కి తగ్గితే తలెత్తుకుని తిరగలేను.

కొత్తది కొనే తాహతు లేదు. పాతదే, కానీ టర్బో ఉండాలని పట్టుబట్టాను. టర్బో అంటే ఏమిటని నాయన అడిగితే, బయటికి పోయే పొగ ఊపుతో ఒక చిన్న పంకా తిరుగుతుందని, అది గాలిని బలవంతంగా ఇంజనులోకి ఊదుతుందని, దాంతో చిన్న ఇంజనే పెద్ద ఇంజనంత పని చేస్తుందని చేతులు తిప్పుతూ వివరించాను. నాయన అంతా విని "కొలిమి తిత్తి" అన్నాడు. నేను అరగంట చెప్పింది ఆయన రెండు మాటల్లో తేల్చేయడం నాకు నచ్చలేదు. ఫోన్లో నలభై రెండు అంశాలతో ఒక జాబితా రాసుకున్నాను. పొగ నీలంగా వస్తే టర్బో ఆయిల్ తాగుతున్నట్టు, నల్లగా వస్తే గాలి చాలనట్టు, సైరనులాగా కూస్తే దాని ఇరుసు అరిగినట్టు, ఇంజను కింద తడి ఉంటే కారుతున్నట్టు. అన్నీ బట్టీ పట్టాను. "బోరు లారీల చాచాను పిల్చకపోరా, ఆయప్పకు ఇంజన్లు తెలుసు" అని అమ్మ చెప్పింది. మా వీధి చివర షెడ్డులో బోర్లు వేసే లారీలు బాగుచేసే ముసలాయన ఉండేవాడు, ఊరంతా చాచా అనే పిలిచేది. నేను నవ్వాను. "చాచాకు బోరు లారీలు తెలుసుమా, కార్లేం తెలుసు?" అన్నాను. (బోరు లారీకి ఒకటి కాదు, రెండు టర్బోలు కూడా ఉంటాయని నాకు అప్పటికి తెలియదు. జాబితాలో లేదు.)

మా నాయన సంగతి కూడా చెప్పాలి. ఎద్దులు అమ్మేసి ఏళ్ళు గడిచినా ఆయన ప్రపంచాన్ని ఇప్పటికీ పశువుల సంత లాగానే చూస్తాడు. ఇంట్లోకి ఫ్యాను కొన్నా, మిక్సీ కొన్నా, ముందు చుట్టూ ఒకసారి తిరిగి వస్తాడు. బేరానికి బయలుదేరే ముందు నన్ను నిలబెట్టి మూడు సూత్రాలు చెప్పాడు. ఒకటి, కొనేవాడి మొగంలో సంతోషం కనపడగూడదు. రెండు, లోడు ఎత్తకుండా ఎద్దును నమ్మగూడదు. మూడు, బేరం తెగేదాకా అమ్మేవాళ్ళింట్లో మజ్జిగ కూడా తాగగూడదు, తాగితే నోరు మెత్తబడుతుంది. "మొదటిదే నీతో కాని పని. మొగం మాడ్చుకోని ఉండు" అన్నాడు. నేను అద్దం ముందు నిలబడి మొగం మాడ్చుకోవడం అభ్యాసం చేశాను. అమ్మ చూసి కడుపు నొప్పా అని అడిగింది.

కుందుర్పిలో చెనక్కాయల మిల్లు పెద్దాయన ఒకరు బండి అమ్ముతున్నారని ఆఫీసులో తెలిసింది. ఏడు సీట్లు, డీజిలు, తెలుపు రంగు, వెనక తలుపు మీద టర్బో అని వెండి అక్షరాలు. ఫోటో చూసిన దగ్గర్నుంచీ నాకు ఆకలి లేదు. ఆదివారం నేను స్నేహితుడి బైకు అడిగి తెచ్చుకుని బయలుదేరుతుంటే, నాయన మోపెడ్ వెనక అమ్మ అప్పటికే ఎక్కి కూర్చుని ఉంది, ఒళ్ళో గుడ్డసంచి పెట్టుకుని. మోపెడ్ మీద అమ్మకు వాంతి రాదు, కాకపోతే నాయన నడుం ముప్పై నలభై కిలోమీటర్లకు మించి ఒప్పుకోదు. "నువ్వేంటికి?" అన్నాడు నాయన. "కూచునేది నేను. నేను సూడకుండా మీరు కొంటారా?" అంది అమ్మ. దానికి ఆయన దగ్గర సంత సూత్రమేదీ లేకపోయింది. సంచిలో ఏముందని మేమిద్దరం అడగలేదు. అడిగి ఉండాల్సింది.

చేరేసరికి పదకొండు. ఎండ దంచేస్తోంది. బండి మిల్లు ముందు ఆరుబయట నిలబడి తళతళా మెరుస్తోంది. మొగం మాడ్చుకున్నాను. నేరుగా పోయి బానెట్ మీద చెయ్యి పెట్టాను. చుర్రుమంది. నా జాబితాలో మొదటి అంశం అదే. బానెట్ వేడిగా ఉంటే, మీరు రాకముందే ఇంజను స్టార్టు చేసి, చల్లటి ఇంజనులో కనబడే లోపాన్ని దాస్తున్నారని అర్థం. (ఆ వీడియో చేసినాయన వెనకాల మంచు కురుస్తూ ఉండేది. అది నేను గమనించలేదు.) నేను దొంగను పట్టేసిన పోలీసులాగా వెనక్కి తిరిగి, "పెద్దాయనా, మేమొచ్చేలోపే బండి స్టార్ట్ చేసినారు కదా?" అన్నాను.

మిల్లు పెద్దాయన అరవై దాటిన మనిషి, తెల్ల పంచె, నుదుట చెమట. నన్ను కింది నుంచి పైదాకా చూశాడు. "ఏమప్పా, ఎండలో నిలబెట్టిన బండి కాలకుండా సల్లగుంటాదా? నీ నెత్తి ముట్టుకో, అదీ కాలుతాండాది. నిన్ను గూడా పొద్దన్నే స్టార్ట్ చేసి పెట్టినారా మీ నాయన?"

హమాలీలు ఇద్దరు మూటల మీద కూర్చుని పడీ పడీ నవ్వారు. అమ్మ కూడా నవ్వింది. నేను ఆ అంశం దాటేసి రెండోదానికి పోయాను. టైర్లు చూశాను. తలుపుల అంచుల రబ్బరు లాగి చూశాను. నేల మీద పడుకుని కింద చూశాను (వీపుకి ఒక చెనక్కాయ గుచ్చుకుంది). కాగితాలు మాత్రం నిజంగానే బాగా చూశాను, అది నా వృత్తి కనుక. బానెట్ ఎత్తించి లోపల చూస్తే కళ్ళు చెదిరాయి. అన్నీ కడిగిన గిన్నెల్లా ఉన్నాయి. "ఇంజను శుభ్రం" అని ఒక పచ్చ టిక్కు కొట్టాను. నాయన మాత్రం చేతులు వెనక్కి కట్టుకుని వంగి చూసి, నన్ను పక్కకు లాగాడు. "రే, ఈ ఊర్లో కొళాయి ఎన్ని దినాలకొకసారి వస్తాదో తెలుసునా? మనిషి తానానికే తడుముకోవాల. అట్లాంటిది ఇంజనుకు తలంటు పోసినాడంటే ఏదో ఉండాది."

"శుభ్రంగా పెట్టుకుంటాడేమో నాయనా."

"ఆయన మిల్లు సూడు, మిల్లు గోడ సూడు. శుభ్రంగా పెట్టుకునే మనిషేనా?"

నేను వినిపించుకోలేదు. నా చేతికి అప్పుడే తాళం ఇచ్చారు మరి. స్టార్టు చేశాను. నాయన పక్క సీట్లో, పెద్దాయన వెనక సీట్లో. ఊరు దాటాక ఖాళీ రోడ్డు, రెండు పక్కలా దున్ని వాన కోసం వదిలేసిన ఎర్రచేలు. రెండో గేరులో కాలు కాస్త గట్టిగా నొక్కాను. ఒక్క క్షణం ఏమీ కాలేదు. తర్వాత సన్నగా ఈల లాంటి చప్పుడొకటి, దాని వెనకే బండి ఒక్క ఊపున ముందుకు దూకింది. నా వీపు సీటుకు అతుక్కుపోయింది. అంతవరకూ నేను నడిపింది డ్రైవింగు స్కూలు వాళ్ళ చిన్న కారు, అది ఎంత తొక్కినా ఆలోచించుకుని కదిలేది. ఇది అలా కాదు. "టర్బో నాయనా! టర్బో!" అని అరిచాను. నాయన రెండు చేతులతో డాష్‌బోర్డు పట్టుకుని "పగ్గాలు లాగు రా, పగ్గాలు లాగు!" అని అరిచాడు. ఆయన గొంతులో భయం ఎంత ఉందో సంతోషం కూడా అంతే ఉంది, నేను ఒట్టేసి చెప్తాను.

మిల్లు దగ్గరికి తిరిగి వచ్చేసరికి నా మొగం మాడి లేదు. చెవుల దాకా నవ్వు సాగిపోయి ఉంది. కిటికీలోంచి తల బయటపెట్టి "సూపర్ మా! గాలిలో పోయినట్ల పోతాండాది!" అని కేక వేశాను. నాయన "చెడింది బేరం" అని గొణిగాడు. కానీ నిజంగా చెడడం అప్పటికింకా మొదలే కాలేదు. నేను దిగి, పెద్దాయనతో సర్వీసు ఎప్పుడు చేయించారని గంభీరంగా అడుగుతుంటే వెనకాల ఠప్పుమని శబ్దం వచ్చింది. తిరిగి చూస్తే అమ్మ. గుడ్డసంచి విప్పి ఉంది. బానెట్ మీద పసుపు, దాని మీద మూడు కుంకుమ బొట్లు. అద్దం కింద బంతిపూలు. ముందు చక్రాల కింద రెండు నిమ్మకాయలు. ఆమె చేతుల్లో రెండు కొబ్బరి చిప్పలు.

"ఏం చేసినావే!" అన్నాడు నాయన. ఆయన అంత నీరసంగా మాట్లాడడం నేను ఎప్పుడూ వినలేదు.

"వాడు బాగుండాదని చెప్పె కదా. మంచి గడియ పోతాందని బొట్టు పెట్టినా. ఇంక మన బండే."

సంతలో అయినా, షోరూములో అయినా, లోకంలో ఎక్కడా, లోపాలు వెతకడం సగంలో ఉండగా, రేటు మాటే ఎత్తకముందు, ఎదుటివాడి బండికి కొబ్బరికాయ కొట్టిన వాళ్ళు ఉంటారా? మా అమ్మ ఉంది. మిల్లు పెద్దాయన కొబ్బరి ముక్క చేతిలోకి తీసుకుని మెల్లగా నమలడం మొదలుపెట్టాడు. నాయన మాత్రం తలపాగా బిగించాడు. "బొట్టు పెట్టినా సరే, లోడు ఎత్తాల్సిందే" అని, పెద్దాయన వైపు తిరిగి, "నీ మిల్లులోవే ఒక ఆరు మూటలు ఏపిచ్చప్పా" అన్నాడు. వెనక సీట్లు మడిచి హమాలీలు ఆరు చెనక్కాయ మూటలు ఎక్కించారు. వాటి మీద హమాలీలే ఇద్దరు కూర్చున్నారు. మధ్యలో నాయన, పెద్దాయన. ముందు సీట్లో, తన సీట్లో, అమ్మ. చేతులు ఒళ్ళో పెట్టుకుని, పెళ్ళిపీటల మీద కూర్చున్నంత బుద్ధిగా కూర్చుంది. ఊరి బయట కొండ వారగా ఒక పొడుగాటి మిట్ట ఉంది. దాని మీదికి పోనిమ్మన్నాడు నాయన.

సగం మిట్ట ఎక్కేదాకా బాగానే ఉంది. అమ్మ కిటికీలోంచి గాలి పీల్చుకుంటూ "ఏం కాల్యా రా, తల గూడా తిరగలా!" అని చిన్నపిల్లలా చెబుతోంది. నేను ఉత్సాహంగా ఇంకాస్త తొక్కాను. అంతే, ఎక్కడో బుస్సుమంది. బండి ఊపిరి వదిలేసింది. ఆగిపోలేదు కానీ, కాలు నేలకు ఆనేలా తొక్కినా ముసలెద్దులా ఒక్కో అడుగే వేస్తోంది. మీటరు దగ్గర పసుపు లైటు వెలిగింది. అద్దంలో చూస్తే వెనక పొగ.

"నీలమా, నలుపా?" అని అరిచాను.

"పొగ పొగ మాదిరే ఉండాది!" అన్నాడు నాయన.

"రంగు చెప్పు నాయనా, రంగు! నీలమైతే ఒకటి, నలుపైతే ఇంకొకటి!"

హమాలీల్లో ఒకడు నలుపన్నాడు, ఇంకొకడు నేరేడుపండు రంగన్నాడు. నా జాబితాలో నేరేడుపండు లేదు. వెనక్కి తిప్పి, నడిచే మనిషి కంటే కాస్త వేగంగా మిల్లు చేర్చాను. దిగి, గొంతు సవరించుకుని, డాక్టరు లాగా చెప్పేశాను. "టర్బో పోయింది. కొత్తది ఏయాలంటే సగం బండి రేటు అవుతాది. వీడియోలో గూడా చెప్పినారు, టర్బో పోయిన బండిని వదిలేసి పారిపోండని." చెబుతూనే అమ్మ వైపు చూశాను. ఆమె ఇంకా ముందు సీట్లోంచి దిగలేదు. శుక్రవారానికి ఐదు రోజులుంది. ఈ బండి కాకపోతే ఇంకో బండి చూసి, బేరం చేసి, కాగితాలు మార్పించే వ్యవధి లేదు. ఆ విషయం నాకు తెలుసు, ఆమెకూ తెలుసు. అంతకు ముందు క్షణం దాకా ఉన్న నా ఉత్సాహమంతా కారి నేలలో ఇంకిపోయింది.

నాయనకు కోపం వచ్చింది. నా మీద రావాల్సింది అమ్మ మీదికి పోయింది. "ఆ బొట్టు తుడిచేసి రా. పోదాం" అన్నాడు.

అమ్మ దిగింది. బానెట్ దగ్గరికి వచ్చింది. కొంగు చేతిలోకి తీసుకుంది. మళ్ళీ వదిలేసింది. "ఏం మాటప్పా అది? నేను పెట్టిన బొట్టు నా చేత్తోనే తుడవమంటావా? బండి కొనకపోతే పాయె. మా అక్క ఇల్లు సూసే రాత లేకపోతే పాయె. బొట్టు తుడిచే పని మాత్రం నేను చెయ్యను." గట్టిగా కూడా అనలేదు.

అప్పుడు మిల్లును ఆనుకుని ఉన్న వాళ్ళింటి గడప దగ్గర నుంచి ఇదంతా చూస్తున్న పెద్దాయన భార్య కిందికి దిగి వచ్చింది. భర్త ముందు నిలబడి, "ఇంగనన్నా చెప్తావా, నన్ను చెప్పమంటావా?" అంది. పెద్దాయన పంచె అంచుతో మొహం తుడుచుకున్నాడు. "చెల్లెలా, నువ్వు బొట్టు పెట్టినప్పుడే నాకు కొబ్బరి గొంతు దిగలా" అని మొదలుపెట్టాడు. నెల రోజులుగా బండి మిట్ట ఎక్కేటప్పుడు ఇలాగే చేస్తోందట. ఎవరో షెడ్డువాడు టర్బో పోయిందని చెప్పాడట. అమ్మేస్తే పోతుందని, ఇంజను మీద ఆయిల్ మరకలు కనబడకుండా డ్రమ్ము నీళ్ళు పెట్టి కడిగించాడట. "మొగోళ్ళతో బేరం కదా, వాళ్ళు వెతుక్కుంటే వెతుక్కుంటారు, లేకపోతే లేదు అనుకుంటి. ఇంటి ఆడబిడ్డ బొట్టు పెట్టిన బండి మీద అబద్దం ఆడితే నాకు అన్నం దిగుతాదా?" అన్నాడు. నాయన నన్ను ఒక చూపు చూశాడు. ఇంజను తలంటు సంగతి ఆ చూపులో ఉంది. నా నలభై రెండు అంశాలూ, నాయన మూడు సూత్రాలూ కలిసి బయటపెట్టలేని నిజాన్ని అమ్మ మూడు వేళ్ళ కుంకుమ బయటపెట్టిందని నాకు అర్థం కావడానికి ఇంకా చాలా రోజులు పట్టింది. ఆ రోజు మాత్రం నేను ఫోన్లో "టర్బో పోతే ఏం చేయాలి" అని వెతుకుతున్నాను.

"చాచాకు ఫోన్ చెయ్యి" అంది అమ్మ. ఈసారి నేను నవ్వలేదు.

గంటన్నరలో చాచా తన పాత మోటారుసైకిలు మీద వచ్చాడు. వెనక సీటుకు పనిముట్ల డబ్బా కట్టి ఉంది. ఎవరినీ ఏమీ అడగలేదు. స్టార్టు చెయ్యమన్నాడు. ఆయిల్ పోసే మూత తీసి చెయ్యి అడ్డం పెట్టి చూశాడు. తెల్ల కాగితం ఒకటి పొగ గొట్టం ముందు పట్టి నాకు చూపించాడు. "ఏం రంగు బేటా?" నల్లటి మసి. "నూనె జిడ్డు ఉండాదా?" లేదు. ఇంజను ఆపించి, ఒక గొట్టం ఊడదీసి, లోపల వేళ్ళు పెట్టి ఆ బుల్లి పంకాను పట్టుకుని అటూ ఇటూ కదిపాడు. "టర్బో బంగారం మాదిరి ఉండాది. ఎవడు చెప్పినాడు ఖరాబు అయిందని?" నేను మిల్లు గోడ వైపు చూశాను. తర్వాత చెంబులో సబ్బునీళ్ళు అడిగి, సైకిలు ట్యూబుకు పంక్చరు చూసినట్టు, గొట్టాల మీద పోస్తూ నన్ను యాక్సిలరేటరు తొక్కమన్నాడు. టర్బో నుంచి ఇంజనుకు గాలి తీసుకుపోయే లావాటి రబ్బరు గొట్టం అడుగున, చెయ్యి పెడితే గానీ తెలియని చోట, బుడబుడా నురుగు లేచింది.

"ఇదో, ఈడ చినిగిండాది. ఊరికే పోతాంటే గమ్మునుంటాది. లోడు ఏసి తొక్కితే నోరు తెరుస్తాది. గాలంతా బయటికే పాయె, ఇంజనుకు యాడ వస్తాది?" అని, నా జాబితా సంగతి అమ్మ చెవిన వేసిందేమో, నా వైపు తిరిగి, "ఎన్ని సూసినావు?" అన్నాడు. నలభై రెండన్నాను. "నలభై మూడోది గొట్టం. రాసుకో." నేను నిజంగానే రాసుకున్నాను. నాయన ముందుకు వచ్చి, "అంటే భాయ్, తిత్తికి బొక్క పడినాది, అంతేనా?" అన్నాడు. చాచా "అంతే అన్నా, తిత్తికి బొక్క" అన్నాడు. ఇద్దరు పెద్దమనుషులూ తలలూపుకున్నారు. అరగంట పాటు చేతులు తిప్పి వివరించిన నన్ను ఎవరూ పట్టించుకోలేదు.

చాచా పాత ట్యూబు రబ్బరు చుట్టి, రెండు క్లిప్పులు బిగించి, కొత్త గొట్టం దొరికేదాకా ఇది చాలన్నాడు. మళ్ళీ ఆరు మూటలు, మళ్ళీ హమాలీలు, ఈసారి చాచా కూడా మూటల మీదే. మిట్ట మొదట్లో అందరం ఊపిరి బిగబట్టాం. ఇందాక బుస్సుమన్న చోటు వచ్చింది. నేను కళ్ళు చిట్లించుకుని తొక్కాను. సన్నటి ఈల మొదలైంది, పెరిగింది, బండి మిట్టను ఒక్క గుక్కలో మింగేసింది. మూటల మీంచి హమాలీలు ఈలలు వేశారు. నాయన పగ్గాల మాటే ఎత్తకుండా "తొక్కు రా! తొక్కు!" అన్నాడు. పైకి చేరి ఆపితే కింద కుందుర్పి అంతా, దాని చుట్టూ ఎర్రటి నేలంతా కనబడుతోంది. అమ్మ రెండు చేతులూ డాష్‌బోర్డు మీద ఆనించి అలా నిమురుతూ ఉంది, అంతే.

బేరం నేను ఊహించినట్టు జరగలేదు. నాయన భుజం మీది తువ్వాల తీసి తన చెయ్యి, పెద్దాయన చెయ్యి దాని కింద పెట్టాడు. సంతలో అలాగే చేస్తారు, ఒకరి వేళ్ళు ఒకరు పట్టుకుని, పక్కవాడికి తెలియకుండా. తువ్వాల కింద వేళ్ళు కదిలాయి. నాయన తల అడ్డంగా ఊపాడు. మళ్ళీ కదిలాయి. పెద్దాయన నవ్వాడు. తువ్వాల తీసేశారు. చెప్పిన దానికంటే బాగా తక్కువకే తెగిందని మాత్రం నాకు తర్వాత తెలిసింది. ఆ పైన పెద్దాయన భార్య అందరికీ సంగటి, చెనక్కాయల చట్నీ పెట్టింది. ఫోన్లో ఉన్న జాబితా గుర్తు రాకుండా తినడం నాకు వారం రోజుల్లో అదే మొదటిసారి.

గురువారం పొద్దున్నే చిలమత్తూరు బయలుదేరాం. గొట్టం కొత్తది పడింది, చాచా చేత్తోనే. పెనుకొండ దాటేదాకా అమ్మ సీటు అంచున బిగుసుకుని కూర్చుంది, ఎప్పుడు ఏమవుతుందోనని. దాటాక మెల్లగా వెనక్కి వాలింది. ఆ తర్వాత మాట ఆగలేదు. దారిలో కనబడిన బోర్డులన్నీ పైకి చదివింది, కొండల పేర్లు అడిగింది, నాయన పెళ్ళైన కొత్తలో బస్సులో తను వాంతి చేసుకుంటే ఆమె ఎవరో తెలియనట్టు వెనక సీట్లోకి పోయి కూర్చున్న సంగతి కూడా బయటపెట్టింది. (నాయన నిద్ర నటించాడు.)

పెద్దమ్మ కొత్తింటి ముందు ఆగేసరికి ఆమె గేటు దగ్గరే నిలబడి ఉంది. చేతిలో నీళ్ళ చెంబు, భుజం మీద తడి తువ్వాల, కాళ్ళ దగ్గర ఒక పాత బకెట్టు. చెల్లెలు వస్తే ఎలా దిగుతుందో ఆమెకు బాగా తెలుసు కదా. లోపల చాప కూడా పరిచి పెట్టిందట. అమ్మ తలుపు తనే తీసుకుని దిగింది, కొంగు సర్దుకుంది. పెద్దమ్మ అమ్మ మొహంలోకి చూసి, బండి లోపలికి తొంగి చూసి, మళ్ళీ అమ్మ మొహంలోకి చూసింది.

"ఏమే, కాల్యా?"

"ఏం కాల్యాక్కా. హిందూపురంలో టీ గూడా తాగినా" అని అమ్మ ఆ చెంబు అందుకుని, మొహం కడుక్కోకుండా, ఎత్తి పట్టుకుని గటగటా తాగేసింది. పెద్దమ్మ బకెట్టును కాలితో పక్కకు తోసి, చెల్లెల్ని రెండు చేతులా పట్టుకుని, ఏడుస్తోందో నవ్వుతోందో తెలియకుండా అలాగే ఉండిపోయింది.

ఆ సమయంలో నేనేం చేస్తున్నానో చెప్పడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది. బండి చుట్టూ తిరుగుతూ ఫోటోలు తీస్తున్నాను. అంతదూరం నేను నడిపిన బండి, నా టర్బో బండి! ఆ ఫోటోలన్నీ ఇప్పటికీ ఉన్నాయి. బంపరు, మీటరు, నాలుగు చక్రాలు విడివిడిగా, వెనక తలుపు మీది వెండి అక్షరాలు నాలుగు వైపుల నుంచి. ఆ కుర్రాడి మీద నాకు కోపం రాదు, పాపం ఎంత సంబరపడ్డాడో ఆ ఫోటోలు చూస్తేనే తెలుస్తుంది. వాటిలో ఒక్కదాంట్లో మాత్రం, పక్క అద్దం ఫోటో తీయబోతే ఆ అద్దంలో, ఎత్తి పట్టిన చెంబు, దాన్ని పట్టుకున్న చెయ్యి పడ్డాయి. అప్పుడప్పుడూ దాన్ని పెద్దది చేసి చూస్తుంటాను. పెద్దది చేసేకొద్దీ మసకబారిపోతుంది. మొన్న అమ్మకు చూపిస్తే కళ్ళద్దాలు పెట్టుకుని చాలాసేపు వెతికింది. "బండి బాగుండాది రా. నేను యాడుండా?" అంది. ఆ చెంబును వేలితో చూపించాను.